వందనం చేసేవారి వైపు తిరిగిన పువ్వు

విహారంలో బుద్ధ వందన ముగిసిన తరువాత మనలో చాలామంది మనసులో మెదిలే ప్రశ్న ఒకటుంది. మొక్కులు, ముడుపులు, వరాలు విడిచిపెట్టి ధమ్మమార్గంలోకి వచ్చిన మనం తథాగతుని ప్రతిమ ముందు మళ్ళీ పువ్వులెందుకు ఉంచుతున్నాం? దీక్ష తీసుకున్న తొలితరం పెద్దలను వారి పిల్లలు ఈ మాట అడిగారు. ఆ పిల్లలను నేడు వారి పిల్లలు అడుగుతున్నారు. పువ్వులు సమర్పించేటప్పుడు మనం పలికే పాళీ గాథలోనే దీనికి సమాధానం ఉంది. ఈ పువ్వు వాడిపోయినట్లే ఈ దేహమూ నశిస్తుందని ఆ గాథ భావం. అందులో కోరిక లేదు, బేరం లేదు. ఉన్నది అనిత్యతా స్మరణ మాత్రమే.

అయితే గాథను పలకడం వేరు, దాని అర్థాన్ని చేతులతో అభ్యసించడం వేరు. ఆ అభ్యాసాన్ని శతాబ్దాల తరబడి ఒక కళగా పెంచుకున్న దేశం జపాన్. ఆ కళకు ఇకెబానా అని పేరు. పువ్వును సజీవంగా నిలపడం అని ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు. పుష్పమార్గం అనే అర్థంలో దాన్నే కదో అని కూడా అంటారు. హోటళ్ళలో, ప్రదర్శనశాలల్లో అలంకారంగా కనిపించే ఈ కళ మొదట బుద్ధుని సన్నిధిలో పుట్టిందన్న సంగతిని మనవంటి వారు తెలుసుకోవడం అవసరం.

భారతభూమి నుంచి నారా నగరం దాకా

బుద్ధునికి పుష్పార్చన భారతదేశపు ఆచారమే. అమరావతి శిల్పులు స్తూపం పలకల మీద నిండు కలశాలను చెక్కారు. వాటి నుంచి తామర మొగ్గలు, విచ్చిన తామరలు పైకి లేచి ఉంటాయి. ఆ స్తూప ప్రాకారంపై పొడవైన పూలదండను భుజాలకెత్తుకుని నడిచే మనుషుల వరుస ఉంటుంది. ఇకెబానాకు అమరావతే మూలమని చెప్పడం మా ఉద్దేశం కాదు, అలా చెప్పడానికి ఆధారమూ లేదు. కలశంలో నిలిపిన పువ్వు బౌద్ధంతో పాటే ప్రయాణించిందని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

ఆరవ శతాబ్దంలో కొరియా ద్వీపకల్పంలోని బెక్జె రాజ్యం నుంచి బౌద్ధం జపాన్‌కు చేరింది. బోధిసేనుడనే భారతీయ భిక్షువు 736లో అక్కడ అడుగుపెట్టాడు. 752లో నారా నగరంలోని తోదాయిజి ఆరామంలో మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసింది ఆయనే. ఆనాటి ఉత్సవంలో భిక్షువులు గాథలు పఠిస్తూ పువ్వులు వెదజల్లారు. ఈ పుష్పవికిరణాన్ని సాంగె అంటారు. తామర రేకుల ఆకారంలో కత్తిరించిన కాగితాలతో నేటికీ దీన్ని జరుపుతారు. తోదాయిజి వారు అనుసరించే కెగోన్ సంప్రదాయానికి ఆధారం అవతంసక సూత్రం. ఆ సూత్రాన్ని నాగలోకం నుంచి ఆచార్య నాగార్జునుడు తెచ్చాడని ఐతిహ్యం. జపాన్ బౌద్ధులు ఆయనను ఎనిమిది శాఖలకు మూలగురువుగా గౌరవిస్తారు.

చెరువు ఒడ్డున కుటీరం

వెదజల్లిన పువ్వు క్షణంలో నేల రాలుతుంది. పాత్రలో నిలిపిన పువ్వు కొన్నాళ్ళు నిలుస్తుంది. ఇకెబానా ఈ రెండవ ఆచారం నుంచి పుట్టింది. బుద్ధ ప్రతిమ ముందు ధూపపాత్ర, దీపస్తంభం, పుష్పకలశం అనే మూడు వస్తువులను ఉంచడం జపాన్ ఆరామాల్లో స్థిరపడిన పద్ధతి. దీన్ని మిత్సుగుసోకు అంటారు.

క్యోటో నగరం నడుమ రొక్కకుదో అనే ఆరు మూలల ఆలయం ఉంది. దాన్ని యువరాజు షోతొకు నెలకొల్పాడని సంప్రదాయం చెబుతుంది. 607లో చైనాలోని సుయి రాజాస్థానానికి రాయబారిగా వెళ్ళిన ఒనో నో ఇమొకో తరువాత భిక్షువై, ఇక్కడే ఉదయం సాయంత్రం బుద్ధునికి పువ్వులు సమర్పించేవాడని అదే సంప్రదాయం చెప్పే మాట. ఆయన వారసులుగా చెప్పుకునే పూజారులు చెరువు పక్కన కుటీరంలో నివసించారు. చెరువు పక్కన ఉన్న ఆ కుటీరం పేరే ఇకెనోబో. జపాన్‌లోని పుష్పవిన్యాస పరంపరల్లో అత్యంత ప్రాచీనమైన దానికి నేటికీ అదే పేరు.

ఇక్కడ మన ప్రశ్నకు సమాధానం దొరికే ఆచారం ఒకటుంది. జపాన్ బౌద్ధ గృహాల్లో, ఆరామాల్లో వేదిక మీద ఉంచే పువ్వుల ముఖం బుద్ధుని వైపు ఉండదు, వందనం చేసేవారి వైపు ఉంటుంది. సమర్పణ బుద్ధునికే, చూపు మాత్రం మన వైపు. బుద్ధుని కరుణ మన వైపు ప్రసరించడానికి అది గుర్తని అక్కడి పెద్దలు వివరిస్తారు. బుద్ధునికి పువ్వుతో పనిలేదు, పువ్వును చూసి నేర్చుకోవలసింది మనమే అని మనం గ్రహించవచ్చు. ఇకెబానా చరిత్ర అంతా ఈ ఒక్క మలుపులో ఇమిడి ఉందని మేము భావిస్తున్నాం.

యుద్ధాగ్ని మధ్య పూలపాత్ర

1462లో ఇకెనోబో సెంకెయి అనే పూజారి ఒక సమురాయి ఆహ్వానంపై బంగారు కలశంలో పదుల సంఖ్యలో పూలకొమ్మలను నిలిపాడు. క్యోటోలో కళాభిరుచి ఉన్నవారు చూడటానికి పోటీపడి వచ్చారని తోఫుకుజి ఆరామ భిక్షువొకరు తన దినచర్యలో రాసుకున్నారు. పువ్వులు నిలపడాన్ని ఒక వ్యక్తి ప్రతిభగా గుర్తించిన తొలి లిఖిత ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

ఐదేళ్ళకే, 1467లో, ఓనిన్ యుద్ధం మొదలైంది. పదకొండేళ్ళ ఆ అంతర్యుద్ధంలో క్యోటో చాలావరకు బూడిదైంది. ఆ బూడిదలోనే ఈ కళ వేళ్ళూనింది. ఇళ్ళలో గోడ లోపలికి తీర్చిన తొకొనొమా అనే అర ఆ కాలంలోనే రూపుదిద్దుకుంది. బుద్ధుని చిత్రపటం వేలాడదీసి, దాని ముందు బల్లపై పూలపాత్ర పెట్టే అలవాటు నుంచి అది వచ్చిందంటారు. ఆ విధంగా పువ్వు ఆరామం నుంచి గృహంలోకి నడిచింది.

ఇకెనోబో సెన్నో 1542 నాటికి తన శిష్యులకు అందించిన ఉపదేశ గ్రంథంలో కొత్త మాట చెప్పాడు. పూర్వులు అందమైన పువ్వులను పాత్రలో పెట్టి ఆ అందాన్ని మాత్రమే ఆనందించారని, తన మార్గం అది కాదని అన్నాడు. కొండల్లో, నీటి ఒడ్డున మొక్క సహజంగా ఎలా పెరుగుతుందో దాన్ని చూపాలని, ఎండిన కొమ్మకూ విన్యాసంలో చోటుందని బోధించాడు. కాలుతున్న నగరాన్ని చూసిన తరం ఎండుకొమ్మను దాచలేదు. దాన్ని పూలపాత్రలో నిలబెట్టింది. అనిచ్చ సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన వ్యాఖ్యానం ఏముంటుంది?

పువ్వులు పట్టిన చేతులు ఎవరివి?

మనవంటి పాఠకులు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది. షోగన్ అషికగ యొషిమస కొలువులో గుండు చేయించుకుని, పేరు చివర 'అమి' అని చేర్చుకున్న సేవకులు ఉండేవారు. వారిని దోబోషూ అంటారు. అమితాభ బుద్ధుని పేరులోని మాటే ఆ 'అమి'. వారిలో ఉన్నత వంశాలకు చెందనివారూ ఉండేవారు. భిక్షువేషం వల్ల వారు ప్రభువుల సన్నిధిలో మెలగగలిగారు. తొకొనొమాలో చిత్రాలు, పాత్రలు, పువ్వులు అమర్చే నియమాలు వారి చేతుల్లోనే రూపొందాయి. పువ్వులు నిలపడంలో పేరుగాంచిన ర్యూఅమి వారిలో ఒకడు.

కళతో పాటే పెరిగిన ఉద్యానకళలో ఇంకా బాధాకరమైన చరిత్ర ఉంది. నదీతీరాల్లో నివసిస్తూ తోలుపని, పశువధ చేసే ప్రజలను కవరమోనో అనేవారు. లోకం వారిని అశుచులుగా ఎంచి దూరం పెట్టింది. యొషిమసకు అత్యంత ప్రియమైన ఉద్యానశిల్పి జెన్‌అమి ఆ ప్రజల్లోంచే వచ్చాడు. అతడు జబ్బుపడితే షోగన్ స్వయంగా మందులు పంపాడు. అయినా పుట్టుక ముద్ర చెరగలేదు. పశువధ చేసే ఇంట పుట్టినందుకు దుఃఖిస్తున్నానని, అందుకే ఏ ప్రాణినీ చంపనని, ధనాశ పడనని ప్రతిన పూనానని అతని మనవడు మతషిరో చెప్పిన మాటలను ఒక భిక్షువు 1489లో నమోదు చేశాడు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రాణిహింస కూడదన్న శీలం కరుణ కోసం ఏర్పడింది. జపాన్‌లో అదే శీలం మైల భావనతో కలిసి, మనుషులను వెలివేయడానికి సాకుగా మారింది. 1871లో ప్రభుత్వం ఆ భేదాన్ని చట్టం నుంచి తొలగించినా సమాజం తొలగించలేదు. అందుకే 1922లో ఆ ప్రజలు క్యోటోలో సమావేశమై సుయిహెయిషా అనే సమానతా సంఘాన్ని స్థాపించుకోవలసి వచ్చింది. సౌందర్యం ఒక్కటే మనిషిని విముక్తుణ్ణి చేయదు. కళను మెచ్చుకుని కళాకారుణ్ణి గడప బయట నిలబెట్టే లోకాన్ని మనం ఎరుగుదుం.

చూడటం ఎలా?

ఇకెబానాను ఆస్వాదించడానికి పాండిత్యం అక్కర్లేదు, నిదానం కావాలి. తొకొనొమా ముందు అతిథి కూర్చుని, తలవంచి, తరువాతే పువ్వును చూస్తాడు. మొదట పువ్వు రంగును కాక కొమ్మ గీతను చూడాలి. అది ఎక్కడ లేచింది, ఎటు వంగింది, ఎక్కడ ఆగింది అని గమనించాలి. తరువాత ఖాళీని చూడాలి. మన పూలదండలో పువ్వుకూ పువ్వుకూ మధ్య సందు లేకపోవడమే నేర్పు. ఇక్కడ సందే నేర్పు. రెండూ గొప్పవే. దండ సమూహాన్ని చెబుతుంది, కొమ్మ ఏకాంతాన్ని చెబుతుంది.

ప్రాచీనమైన రిక్కా విన్యాసంలో నిటారుగా నిలిచిన ప్రధాన శాఖ చుట్టూ మొదట ఏడు, తరువాత తొమ్మిది ముఖ్యశాఖలు ఉండేవి. దాన్ని సుమేరు పర్వతానికి ప్రతీకగా వ్యాఖ్యానిస్తారు. తరువాతి కాలపు షోకా విన్యాసంలో మూడే శాఖలు మిగిలాయి. వాటిని ఆకాశం, భూమి, మనిషి అనే త్రయంతో పోల్చి వివరించడం పరిపాటి. ఒకే పాత్రలో మొగ్గ, విచ్చిన పువ్వు, పురుగు కొరికిన ఆకు కలిసి ఉంటే రాబోయే కాలం, ఉన్న కాలం, గడిచిన కాలం అక్కడ ఉన్నట్లే.

తేనీటి గురువు సెన్ నో రిక్యూ గురించిన కథ ఒకటి ప్రసిద్ధం. ఉదయం విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకునే తీగపూలు ఆయన తోట నిండా పూశాయని విని, అధినేత హిదెయోషి చూడటానికి వచ్చాడు. తోటలో ఒక్క పువ్వూ లేదు, అన్నీ కోసివేసి ఉన్నాయి. కోపంతో గదిలోకి వెళ్ళిన అధినేతకు తొకొనొమాలో ఒకే ఒక్క పువ్వు కనిపించింది. చాలినంత అంటే ఎంత అనే ప్రశ్నకు ఆ కథ జవాబు.

కుటీరం నుంచి లోకంలోకి

పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఈ కళ వర్తకుల ఇళ్ళకు చేరింది. ప్రధానంగా పురుషులదిగా సాగిన ఈ విద్య మెయిజీ కాలంలో బాలికల పాఠశాలల ద్వారా స్త్రీలకు విస్తృతంగా అందింది. ఒహరా ఉన్‌షిన్ పంతొమ్మిదవ శతాబ్ది చివర లోతులేని పళ్ళెంలో పువ్వులు నిలిపే మొరిబానా పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1927లో తెషిగహరా సోఫూ స్థాపించిన సోగెత్సు శాఖ మరింత ముందుకు వెళ్ళింది. ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏ వస్తువుతోనైనా ఈ కళను అభ్యసించవచ్చని ప్రకటించింది. 1956లో టోక్యోలో ఇకెబానా అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మదీక్ష స్వీకరించింది కూడా అదే సంవత్సరం కావడం మనకు గుర్తుండిపోయే యాదృచ్ఛికత.

లోపాలూ లేకపోలేదు. గురుపీఠం ఒకే వంశంలో తరతరాలుగా సాగే ఇఎమొతో విధానం నేటికీ ఉంది. పుట్టుకతో గురుత్వం వచ్చే ఏ ఏర్పాటునూ మనం ఆదర్శంగా స్వీకరించలేం. కళను స్వీకరించి ఆ ఏర్పాటును అక్కడే విడిచిపెట్టే స్వేచ్ఛ మనకుంది.

వాడిన పువ్వును తీసేవాడు

చివరగా మన ధమ్మ చరిత్రలోకే తిరిగి వద్దాం. థేరగాథలో సునీతుడనే థేరుడున్నాడు. తాను తక్కువ కులంలో పుట్టానని, వాడిన పువ్వులు ఎత్తిపారవేయడం తన వృత్తి అని ఆయనే చెప్పుకున్నాడు. మగధ మహానగరంలో బుద్ధుడు ఎదురైనప్పుడు బరువు దించి నమస్కరించాడు. తథాగతుడు ఆయనను రమ్మని పిలిచి సంఘంలో చేర్చుకున్నాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో సునీతుని కథకు చోటిచ్చారు.

పువ్వు పెట్టినవారిని లోకం గుర్తుంచుకుంటుంది, వాడిన పువ్వును తీసినవారిని మరచిపోతుంది. ఇకెబానా నేర్చుకునేవారు కొమ్మను నీటిలో ముంచి కోయడం నేర్చుకుంటారు, కాడలో గాలి చేరకుండా నీరు ఎక్కడానికి. దానితో పాటే కత్తిరింపులు ఊడ్చడం, పాత్ర కడగడం, నీరు మార్చడం నేర్చుకుంటారు. అవి కళకు బయటి పనులు కావు, కళలో భాగాలే.

కనుక మన విహారాల్లో ఒక చిన్న మార్పును ప్రారంభించవచ్చు. పూలరాశికి బదులు శుభ్రమైన పాత్ర, మంచినీరు, మన పెరట్లోని ఒక కొమ్మ, ఒక మొగ్గ, ఒక పువ్వు చాలు. దాని ముఖం వందనం చేసేవారి వైపు ఉండాలి. ఎవరు ఉంచుతారో వారే నాలుగవ నాడు దాన్ని తీసి, పాత్ర కడగాలి. సంఘాధ్యక్షులైనా, నిన్న దీక్ష తీసుకున్నవారైనా, స్త్రీలైనా, పురుషులైనా వంతులవారీగా ఈ పని చేయాలి. అప్పుడు మన పిల్లలు పువ్వెందుకు అని అడిగితే, చెప్పడం కంటే ముందు పాత్రను వారి చేతికివ్వవచ్చు. సునీతుని వృత్తి ఆనాడు అందరి వంతు అవుతుంది.