ఇండియా కోడ్

ఇండియా కోడ్ భారతదేశంలో అమల్లో ఉన్న చట్టాలను సెక్షన్ల వారీగా చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ భాండాగారం. కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖలోని లెజిస్లేటివ్ విభాగం దీన్ని నిర్వహిస్తోంది. సాఫ్ట్‌వేర్‌ను నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ రూపొందించింది. కేంద్ర చట్టాలతో పాటు రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల చట్టాలు కూడా ఇందులో దొరుకుతాయి. సొంత శాసనసభ లేని అండమాన్ నికోబార్ దీవులకు చట్టాలు ఒకే చోటి నుంచి రావు. అందుకే అక్కడి లాయర్లకు, అధికారులకు ఇలాంటి సాధనం అవసరం ఎక్కువ.

దీవుల చట్టాల నేపథ్యం

బ్రిటిష్ ప్రభుత్వం 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస నెలకొల్పాక, ఆ ప్రాంతానికి విడిగా రెగ్యులేషన్లు చేస్తూ వచ్చింది. 1876 నాటి అండమాన్ నికోబార్ దీవుల రెగ్యులేషన్ అలాంటిదే. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవులకు రెగ్యులేషన్లు చేసే అధికారం రాష్ట్రపతికి దక్కింది. రాజ్యాంగంలోని 240వ అధికరణ కింద చేసే రెగ్యులేషన్‌కు పార్లమెంటు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. దీవులకు వర్తించే పార్లమెంటు చట్టాన్ని అది సవరించవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. కాబట్టి కేంద్ర చట్టం ఒక్కటే చదివితే దీవుల్లో అమలయ్యేదేమిటో పూర్తిగా తెలియదు.

ఆదిమ తెగల రక్షణకు 1956లో, భూమి శిస్తు, భూసంస్కరణలకు 1966లో, పంచాయతీలకు, మున్సిపాలిటీలకు 1994లో రెగ్యులేషన్లు వచ్చాయి. ఆదిమ తెగల రెగ్యులేషన్‌లో రిజర్వు ప్రాంతాల ప్రకటన 3వ సెక్షన్‌లో, పాసు లేకుండా వాటిలోకి వెళ్లడంపై నిషేధం 7వ సెక్షన్‌లో, శిక్షలు 8వ సెక్షన్‌లో ఉన్నాయి. 2012 సవరణ శిక్షలను పెంచింది. పాత ప్రతి చూసి 8వ సెక్షన్ చదివినవారు తప్పు శిక్ష చెబుతారు.

కలకత్తా హైకోర్టు అధికార పరిధిని 1953 నాటి చట్టం 1950 మే 2 నుంచి వర్తించేలా ఈ దీవులకు విస్తరించింది. ఆ హైకోర్టు సర్క్యూట్ బెంచి పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుంటుంది. 2024లో ఈ నగరం పేరును కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది.

అచ్చు నుంచి తెరకు

ఇండియా కోడ్ అన్న పేరు మొదట పుస్తకాలది. రద్దు కాని కేంద్ర చట్టాలను న్యాయ మంత్రిత్వ శాఖ 1950ల నుంచి ఆ పేరుతో సంపుటాలుగా అచ్చు వేసింది. కోర్టు ఆవరణల్లో మాత్రం ప్రైవేటు ప్రచురణకర్తల బేర్ యాక్టులే (వ్యాఖ్యానం లేని చట్ట పాఠాల పుస్తకాలే) ఎక్కువగా చలామణీ అయ్యాయి. సవరణ వచ్చినప్పుడల్లా కొత్త ముద్రణ కొనాలి, లేదా పాత ప్రతి మార్జిన్‌లో చేత్తో దిద్దుకోవాలి. తర్వాత నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ ఇన్‌కోడిస్ అనే వ్యవస్థ ద్వారా కేంద్ర చట్టాలను ఇంటర్నెట్‌లో పెట్టింది. అయితే కొన్ని పాఠాలు వెతకడానికి, చదవడానికి అనువుగా ఉండేవి కావు.

మార్పుకు ఊపు సమాచార హక్కు చట్టం నుంచి వచ్చింది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం సరైన రూపంలో దొరకడం లేదని ఒక న్యాయ విద్యార్థి కేంద్ర సమాచార కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. తెలుగువారైన న్యాయశాస్త్ర ఆచార్యుడు మాడభూషి శ్రీధర్ అప్పుడు కమిషనర్‌గా ఉన్నారు. చట్టాలను పౌరులకు అందుబాటులో ఉంచే బాధ్యత ప్రభుత్వానిదేనని ఆయన తేల్చారు. ఇబ్బందికి పరిహారంగా ఒక న్యాయ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పదివేల రూపాయలు చెల్లించాలనీ ఆదేశించారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. అక్కడి ఉత్తర్వుల తర్వాత చట్టాలను, వాటి కింది నియమాలను కంప్యూటర్ చదవగల రూపంలో ఒకేచోట పెట్టే పని ముందుకు సాగి, నేటి ఇండియా కోడ్ రూపుదిద్దుకుంది.

పనిచేసే తీరు

గ్రంథాలయాల డిజిటల్ సేకరణలకు వాడే డీస్పేస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఇండియా కోడ్ నడుస్తుంది. చట్టం పేరు, సంవత్సరం, నంబరు, లేదా అందులోని మాటల ఆధారంగా వెతకవచ్చు. చట్టం తెరిస్తే సెక్షన్ల జాబితా వస్తుంది. కావలసిన సెక్షన్ నొక్కితే దాని పాఠం మాత్రమే కనిపిస్తుంది. ఏ మాట ఏ సవరణతో వచ్చిందో అధోజ్ఞాపికలు చెబుతాయి. ఆ చట్టం కింద వెలువడిన నియమాలు, నోటిఫికేషన్లను కూడా చట్టానికి జతచేస్తారు. చట్టాన్ని ఇలా విడి అంశాలుగా అందించే పద్ధతి ఇతర దేశాల్లోనూ ఉంది. దక్షిణ కొరియా ప్రభుత్వ న్యాయ సమాచార కేంద్రంలో ఏ చట్టంలోని ఏ అధికరణనైనా విడిగా తెరవవచ్చు. బ్రిటన్ 2010లో ఇలాంటి సేవను ప్రారంభించింది.

మన దేశంలో 2008లో మొదలైన ఇండియన్ కానూన్ అనే ఉచిత ప్రైవేటు సేవ మరో దారి పట్టింది. ఒక సెక్షన్‌ను ప్రస్తావించిన తీర్పులన్నిటినీ అది ఆ సెక్షన్‌కు ముడిపెడుతుంది.

దీవుల్లో వినియోగం

ఇండియా కోడ్ వాడాలంటే ఇంటర్నెట్ కావాలి. ప్రధాన భూభాగానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న పోర్ట్ బ్లెయిర్‌కు చాలాకాలం ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారానే అందేది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. స్వరాజ్ ద్వీప్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి దీవులూ దానికి అనుసంధానమయ్యాయి.

2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి రావడంతో సెక్షన్ల వెతుకులాట మరింత పెరిగింది. 511 సెక్షన్ల భారత శిక్షా స్మృతి స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి మారాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇందుకోసం సంకలన్ అనే మొబైల్ యాప్ తెచ్చింది. పాత సెక్షన్‌కు సరిపోయే కొత్త సెక్షన్‌ను అది చూపుతుంది. నెట్ లేకపోయినా పనిచేయడం మారుమూల పోలీసు స్టేషన్లకు వీలుగా ఉంటుంది.

పరిమితులు

ఇండియా కోడ్ ప్రధానంగా నేటి పాఠాన్ని చూపుతుంది. 1956 ఆదిమ తెగల రెగ్యులేషన్ పీఠికలో రాష్ట్రపతి అధికారానికి ఆధారంగా 243వ అధికరణ కనిపిస్తుంది. ఇప్పుడు ఆ నంబరుతో వెతికితే పంచాయతీల నిర్వచనాలు వస్తాయి. 1956 రాజ్యాంగ సవరణలో నాటి 243 తొలగిపోయింది, దీవుల అధికారం 240లోకి చేరింది. 73వ సవరణ ఖాళీ అయిన నంబరును పంచాయతీలకు ఇచ్చింది. పాత కేసుకు ఆనాటి పాఠమే కావాలి కనుక సవరణ చట్టాలను వరసగా చూడక తప్పదు.

భాష రెండో పరిమితి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. రాష్ట్రపతి ఆమోదంతో గెజెట్‌లో వెలువడిన తెలుగు అనువాదాలకు 1973 నాటి చట్టం ప్రామాణికత ఇచ్చింది. అయినా ఇండియా కోడ్‌లో సెక్షన్ల వారీ వెతుకులాట ప్రధానంగా ఇంగ్లీషులోనే సాగుతుంది. పాఠంపై వివాదం వస్తే తుది ఆధారం గెజెటే. కేంద్ర గెజెట్ 2015 అక్టోబరు నుంచి ఎలక్ట్రానిక్ రూపంలోనే వెలువడుతోంది.