కొవ్వు లేని మేత

ఆహారంలో కొవ్వుకు సొంత విలువ ఉందా అన్న ప్రశ్న 1929కి ముందు తేలిపోయినట్టే కనిపించేది. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెక్‌కాలమ్, మార్గరీట్ డేవిస్ ఎలుక పిల్లలకు శుద్ధి చేసిన మేత పెట్టి చూశారు. పంది కొవ్వు, ఆలివ్ నూనె కలిపిన మేతతో అవి కొంతకాలం పెరిగి ఆగిపోయాయి. వెన్నలోంచి, గుడ్డులోంచి తీసిన కొవ్వు ఇస్తే మళ్లీ పెరిగాయి. ఆ తేడా విటమిన్ ఎ వల్లనని తర్వాత తేలింది. శరీరం పిండిపదార్థాల నుంచి కొవ్వు తయారు చేసుకోగలదని అప్పటికే తెలుసు. కాబట్టి విటమిన్లు అందితే చాలు, కొవ్వు లేకపోయినా ఫర్వాలేదనుకున్నారు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, ఆయన భార్య మిల్డ్రెడ్ 1929లో ప్రచురించిన ప్రయోగంలో దీన్ని పరీక్షకు పెట్టారు. అసలు కష్టం మేతలోంచి కొవ్వును పూర్తిగా తీసేయడమే. స్టార్చ్‌లోనూ కొవ్వు జాడలుంటాయి కనుక చక్కెర వాడారు. పాల కేసీన్‌ను శుద్ధి చేశారు. విటమిన్ ఎ, డి కోసం కాడ్ లివర్ నూనెలో కొవ్వు ఆమ్లాలు పోగా మిగిలిన భాగమే ఇచ్చారు. ఈ మేత తిన్న ఎలుకల తోకలు పొలుసులు రేగి, కొనలు కుళ్లాయి. పాదాలు ఎర్రబడ్డాయి, మూత్రంలో రక్తం కనిపించింది, ఎదుగుదల ఆగింది. నీళ్లు విపరీతంగా తాగినా మూత్రం ఆ మేరకు పెరగలేదు. తేమ చర్మం గుండా పోతోంది. రోజుకు కొద్ది చుక్కల పంది కొవ్వుతో చాలావరకు కోలుకున్నాయి. ఆ గుణం లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లానిదని 1930లో బర్ దంపతులు ప్రకటించారు.

చాలామంది నమ్మలేదు, బి విటమిన్ల లోపమే అన్నారు. బర్ సహచరుడు విలియం బ్రౌన్ ఆరు నెలలు కొవ్వు దాదాపు లేని తిండి తిన్నా చర్మవ్యాధి రాలేదు. పెద్దవాళ్ల ఒంట్లో ఆ ఆమ్లం నిల్వ ఉంటుంది మరి. శిశువుల్లో లోపాన్ని ఆరిల్డ్ హాన్సెన్ 1963లో 428 మందిపై అధ్యయనంతో చూపారు.

తర్వాత ప్రశ్న మోతాదు మీదికి మళ్లింది. అమెరికన్ పోషకాహార సంస్థ ప్రయోగశాల ఎలుకల మేతకు 1976లో 5 శాతం మొక్కజొన్న నూనెను నిర్దేశించింది. 1993లో ఎదిగే ఎలుకలకు దాన్ని 7 శాతం సోయా నూనెగా మార్చారు, లినోలెనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లం కూడా అందాలని. కొవ్వు ఎక్కువైతే ఏమవుతుందన్నది మరో దారి. 1988లో సర్విట్ అనే పరిశోధకుడి బృందం కొవ్వు, చక్కెర మెండుగా ఉన్న మేత పెడితే సి57బిఎల్/6జె జాతి చుంచెలుకలకు ఊబకాయం, మధుమేహం వచ్చాయి. అదే మేత తిన్న ఎ/జె జాతి చాలావరకు తట్టుకుంది. ఇప్పుడు 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేతలు మార్కెట్లో దొరుకుతున్నాయి. వాటిని మామూలు ధాన్యపు మేతతో పోల్చే అధ్యయనాలు నేటికీ తక్కువేం కాదు. రెండింటి మధ్య పీచు, చక్కెర కూడా మారిపోతాయి కనుక వచ్చిన మార్పు కొవ్వుదేనని చెప్పడం కుదరదు.