ఉద్యోగం పోయాక ఆరోగ్య బీమా: అమెరికాలో కోబ్రా ప్రీమియం రాయితీ నడిచిన తీరు

అమెరికాలో అరవై అయిదేళ్ల లోపు వారిలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. ఈ ముడి ఎవరో ఆలోచించి వేసింది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ధరలను అదుపులో పెట్టడానికి 1942లో తెచ్చిన స్థిరీకరణ చట్టం కింద జీతాలు ఇష్టం వచ్చినట్టు పెంచే వీలు లేకపోవడంతో, పనివాళ్లు దొరక్క సతమతమవుతున్న యజమానులు జీతం లెక్కలోకి రాని బీమా వంటి సదుపాయాలు చూపించి మనుషులను రప్పించుకున్నారు. యజమాని కట్టే ప్రీమియంను ఉద్యోగి ఆదాయంగా లెక్కించనక్కరలేదని 1954 నాటి ఆదాయపు పన్ను చట్టం ఖాయం చేయడంతో యుద్ధకాలపు సర్దుబాటు కాస్తా దేశపు ఆరోగ్య వ్యవస్థకు పునాది అయి కూర్చుంది. ఉద్యోగం ఊడిననాడు జీతంతోపాటు భార్యాపిల్లల వైద్యానికి ఉన్న ఆసరా కూడా ఊడిపోయే పరిస్థితి అక్కడ ఏర్పడింది. ఆ లోటు పూడ్చడానికి ఫెడరల్ ప్రభుత్వం 2009లో ఒకసారి, 2021లో మరోసారి బీమా ప్రీమియంలో వాటా భరించింది. ఆ రెండు పథకాల మంచిచెడ్డలను తేల్చినది ప్రభుత్వం ఇచ్చిన శాతం ఒక్కటే కాదనీ, సొమ్ము ఎవరి చేతుల మీదుగా వెళ్లిందన్నది అంతకంటే పెద్ద సంగతి అనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు పథకాలకూ ఆధారం 1986 ఏప్రిల్ 7న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన కోబ్రా చట్టం. పేరు వినగానే తెలుగు చెవికి నాగుపాము స్ఫురించినా, అది కన్సాలిడేటెడ్ ఆమ్నిబస్ బడ్జెట్ రీకన్సిలియేషన్ యాక్ట్ అనే బడ్జెట్ చట్టం పేరులోని మొదటి అక్షరాల కూర్పు మాత్రమే. ఇరవై మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థలో గ్రూప్ బీమా ఉన్నవారు, ఉద్యోగం పోయినా పనిగంటలు తగ్గి బీమా అర్హత కోల్పోయినా, అదే బీమాలో 18 నెలల పాటు కొనసాగే హక్కును ఆ చట్టం ఇచ్చింది. ఉద్యోగి మరణం, విడాకులు వంటి సందర్భాలలో జీవిత భాగస్వామికీ పిల్లలకూ ఆ గడువు 36 నెలలు. తీవ్రమైన దుష్ప్రవర్తన వల్ల తొలగించిన వారికి ఈ హక్కు లేదు. హక్కు ఉచితం మాత్రం కాదు. యజమాని వాటా, ఉద్యోగి వాటా కలిపిన మొత్తం ప్రీమియం మీద మరో 2 శాతం నిర్వహణ ఖర్చు చేర్చి, 102 శాతం వరకు వసూలు చేయవచ్చు. జీతం వస్తున్నన్నాళ్లూ యజమాని గుట్టుగా కట్టిన మూడొంతులు ఎంతో ఉద్యోగికి తెలిసేది సరిగ్గా జీతం ఆగిన నెలలోనే.

ఆ తేడా ఎంతో 2009 నాటి అంకెలతో లెక్క వేస్తే స్పష్టమవుతుంది. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ ఏటా జరిపే సర్వే ప్రకారం ఆ ఏడాది యజమాని ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం 13,375 డాలర్లు. అందులో ఉద్యోగి జీతం నుంచి కోత పడేది 3,515, అంటే నెలకు దాదాపు 293 డాలర్లు. అదే ఉద్యోగి లేఆఫ్ అయి కోబ్రా తీసుకుంటే 102 శాతం లెక్కన నెలకు 1,137 డాలర్లు కట్టాలి. అప్పట్లో నిరుద్యోగ భృతి సగటున వారానికి 300 డాలర్ల చిల్లర, నెలకు పదమూడు వందల పైచిలుకు. ఇంటి అద్దె, కారు వాయిదా, కిరాణా అన్నీ అందులోంచే రావాలి. చట్టం చూపిన దారిలో డబ్బున్నవారే నడవగలిగారు, లేదా జబ్బున్నవారు అప్పు చేసైనా నడిచారు.

జబ్బున్నవారే ఎక్కువగా చేరడానికి చట్టంలోని గడువులు కూడా తోడ్పడ్డాయి. కోబ్రా కావాలో వద్దో చెప్పడానికి నోటీసు అందిన నాటి నుంచి గానీ బీమా ఆగిన నాటి నుంచి గానీ, ఏది తర్వాతిదైతే దాని నుంచి 60 రోజుల వ్యవధి ఉంటుంది. కావాలని చెప్పాక మొదటి చెల్లింపుకు మరో 45 రోజులు. బీమా మాత్రం పాతది ఆగిన రోజు నుంచే వెనక్కి వర్తిస్తుంది. కనుక ఆరోగ్యంగా ఉన్నవాడు సంతకం చేయకుండా కాగితాలు బల్ల సొరుగులో పెట్టుకుని యాభై తొమ్మిది రోజులు వేచి చూడవచ్చు. యాభయ్యో రోజున మెట్ల మీద జారి కాలు విరిగితే అప్పుడు సంతకం పెట్టి, గడిచిన రోజులకు కూడా ప్రీమియం కట్టి, ఆస్పత్రి బిల్లును బీమా ఖాతాలో వేయవచ్చు. ఏమీ జరగకపోతే ఆ కాగితాలను చించి పారేయవచ్చు. ఇది మోసం కాదు, చట్టం ఇచ్చిన వెసులుబాటే. కాని దీనివల్ల చివరకు బీమాలో మిగిలేది ఖర్చు ఖాయంగా ఉన్నవారే కావడంతో, కోబ్రా తమకు నష్టదాయకమని యజమానులు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. బీమా శాస్త్రంలో దీన్ని ప్రతికూల ఎంపిక అంటారు: ఎవరికి క్లెయిమ్ వచ్చే అవకాశం ఎక్కువో వారే ఏరికోరి పాలసీ కొనడం.

2008 సెప్టెంబరులో బ్యాంకులు కుప్పకూలి లేఆఫ్‌లు ముంచెత్తినప్పుడు వైద్య సాయానికి ప్రభుత్వం చేతికి అందిన సాధనం ఈ కోబ్రాయే. అధ్యక్షుడు ఒబామా 2009 ఫిబ్రవరి 17న డెన్వర్‌లో సంతకం చేసిన ఆర్థిక పునరుద్ధరణ చట్టం, 2008 సెప్టెంబరు 1 నుంచి 2009 చివరి వరకు తమ ప్రమేయం లేకుండా ఉద్యోగం పోయినవారి కోబ్రా ప్రీమియంలో 65 శాతాన్ని తొమ్మిది నెలలు భరించింది. పై లెక్కలోని కుటుంబం కట్టవలసిన 1,137 డాలర్లు 398కి దిగాయి. ఉపశమనం నిజమే, అయినా జీతం వచ్చే రోజుల్లో కట్టిన 293 కంటే, జీతం లేని రోజుల్లో కట్టవలసింది నూరు డాలర్లు ఎక్కువే అన్నది మరువరానిది.

సొమ్ము నడిచిన దారి ఇక్కడ వివరంగా చూడదగ్గది. ప్రభుత్వం లబ్ధిదారుకు చెక్కు పంపలేదు, బీమా కంపెనీకీ సాధారణంగా నేరుగా కట్టలేదు. మాజీ ఉద్యోగి తన 35 శాతం కడతాడు; అది అందాక మిగిలిన 65 శాతాన్ని పాత యజమాని తన జేబులోంచి భరిస్తాడు; తర్వాత, ఉద్యోగుల జీతాల నుంచి పట్టిన పన్నుల లెక్కను మూడు నెలలకోసారి ప్రభుత్వానికి సమర్పించే ఫారం 941లో ఆ మొత్తాన్ని చూపి, కట్టవలసిన పన్నులోంచి మినహాయించుకుంటాడు. ఇందుకోసం ఆ ఫారంలో 12ఎ అనే గడిలో ఇచ్చిన సాయం మొత్తాన్నీ, 12బిలో సాయం పొందినవారి సంఖ్యనూ రాయించారు. కొత్త కార్యాలయం, కొత్త సిబ్బంది అక్కరలేకుండా కొద్ది వారాల్లో పథకం మొదలయిందంటే అది ఈ ఏర్పాటు పుణ్యమే. అంతకుముందు 2002 నాటి వాణిజ్య చట్టం, విదేశీ పోటీ వల్ల ఉపాధి కోల్పోయిన కార్మికులకు ఇదే 65 శాతం రాయితీ ఇచ్చినా, అందులో పన్నుల శాఖే లబ్ధిదారు వాటాను అందుకుని తన వాటా కలిపి బీమా కంపెనీకి పంపే తిప్పలమారి పద్ధతి ఉండేది. పేరు నమోదయ్యేలోగా మొత్తం ప్రీమియం చేతి నుంచి కట్టవలసి రావడంతో అర్హుల్లో కొద్దిమందే దాన్ని వాడుకున్నారు. 2009 చట్టం రాసినవారు ఆ పాఠం నేర్చుకున్నట్టే కనిపిస్తుంది.

అయితే ఉద్యోగం తీసేసిన చేతి మీదుగానే సాయం అందించడమంటే, ఆ చెయ్యి ఇంకా ఉండి తీరాలి. కంపెనీ దివాలా తీసి గ్రూప్ బీమానే రద్దు చేస్తే కొనసాగించడానికి బీమా ఉండదు, బీమా లేకపోతే కోబ్రా లేదు, కోబ్రా లేకపోతే రాయితీ లేదు. పదిమందిని తీసేసి నిలబడ్డ సంస్థ ఉద్యోగికి ఆసరా దొరికితే, మొత్తం మూతపడ్డ సంస్థ ఉద్యోగికి మొండిచెయ్యి మిగిలింది. ఇరవై మంది కంటే తక్కువ ఉన్న చిన్న సంస్థలకు కోబ్రా వర్తించదు. వాటి విషయంలో రాష్ట్రాల సొంత కొనసాగింపు చట్టాలు ఉన్నచోట మాత్రం బీమా కంపెనీ ద్వారా రాయితీ ఇచ్చారు. అసలు యజమాని బీమాయే ఇవ్వని హోటళ్లు, చిల్లర దుకాణాలు, రోజు కూలీ పనుల వారి ఊసు ఈ చట్టంలో లేదు.

ఎవరి ప్రమేయంతో ఉద్యోగం పోయిందన్న ప్రశ్నే మరో చిక్కుముడి. పన్నుల శాఖ 2009 మార్చి చివర జారీ చేసిన వివరణలో, పని చేయడానికి సిద్ధంగా ఉండి, చేయగలిగి ఉండీ, యజమాని ఏకపక్ష నిర్ణయంతో బయటపడినవారే అర్హులని నిర్వచించింది. యజమాని లాకౌట్ ప్రకటిస్తే అర్హత ఉంది, కార్మికులు సమ్మె కడితే లేదు. తీసేస్తారని తెలిసి ముందే పదవీ విరమణ కాగితం ఇచ్చినవారికి ఉంది. పనిగంటలు సగానికి కోసి బీమా అర్హత పోగొట్టినా ఉద్యోగి పేరు జాబితాలో ఉంటే లేదు. ఈ చివరి అన్యాయాన్ని 2010 మార్చిలో సవరించారు, అదీ గంటలు తగ్గినవారిని తర్వాత పూర్తిగా తీసేసిన సందర్భానికే. అర్హత లేదని యజమాని తోసిపుచ్చితే కార్మిక శాఖకు అప్పీలు చేసుకోవచ్చు, పదిహేను పనిదినాల్లో తీర్పు చెప్పాలన్నది నియమం. పై ఆదాయ వర్గాల నుంచి మాత్రం సాయాన్ని తిరిగి రాబట్టారు: ఒంటరి వ్యక్తికి ఏడాదికి 1,25,000 డాలర్లు, దంపతులకు 2,50,000 దాటితే కొంత, 1,45,000, 2,90,000 దాటితే పూర్తిగా.

చట్టం వచ్చేసరికి ఆరు నెలలుగా ఇళ్లలో కూర్చున్నవారు ఉన్నారు. వారిలో అనేకులు 1,137 వంటి అంకె చూసి కోబ్రా వద్దని చెప్పేసినవారే. వారికి మళ్లీ 60 రోజుల అవకాశం ఇవ్వడం ఈ చట్టంలో తెలివైన భాగం. అప్పటి నిబంధనల ప్రకారం బీమా లేకుండా 63 రోజులు గడిస్తే, కొత్త గ్రూప్ బీమాలో పాత జబ్బులకు కొంతకాలం చెల్లింపు ఆపేసే వీలుండేది. మొదటి అవకాశం వదులుకున్నవారి ఖాళీ రోజులను ఆ లెక్కలోకి తీసుకోకూడదని కూడా రాశారు. మధుమేహమో గుండె జబ్బో ఉన్న మనిషికి ఈ ఒక్క వాక్యం నెల ప్రీమియం కంటే విలువైనది.

పథకం ముగింపు మాత్రం అంత జాగ్రత్తగా సాగలేదు. 2009 అక్టోబరులో నిరుద్యోగం 10 శాతానికి చేరింది. మార్చిలో సాయం మొదలైన తొలి విడత వారికి నవంబరు 30తో తొమ్మిది నెలలు నిండాయి. వ్యవధిని పదిహేను నెలలకు పెంచుతూ కాంగ్రెస్ చేసిన చట్టం మీద సంతకం పడింది డిసెంబరు 19న. మధ్యలో పూర్తి ప్రీమియం నోటీసు చూసి బీమా వదులుకున్నవారిని వెనక్కి పిలిచి 35 శాతం కట్టించుకునే ఏర్పాటు మళ్లీ చేయాల్సి వచ్చింది. అర్హత తేదీని మొదట ఫిబ్రవరి చివరికి, తర్వాత మార్చి చివరికి, ఆపై 2010 మే 31కి జరుపుతూ పోయారు. అక్కడితో జరపడం ఆగింది. నిరుద్యోగం ఇంకా 9 శాతం పైనే ఉండగా, మే 31న ఉద్యోగం పోయిన మనిషికి పదిహేను నెలల రాయితీ, జూన్ 1న పోయిన అతని పక్క బల్ల మనిషికి సున్నా.

కోవిడ్ నాటికి చరిత్ర కొంత వేగంగా, కొంత ఆలస్యంగా పునరావృతమైంది. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగం 14 శాతం దాటినా ఆ వసంతంలో వచ్చిన ప్రధాన సహాయ చట్టంలో కోబ్రా ప్రస్తావన లేదు. మే నెలలో ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులో ఉన్నా సెనేట్ దాన్ని ముట్టుకోలేదు. చివరకు 2021 మార్చి 11న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన చట్టం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఆరు నెలల ప్రీమియంను పూర్తిగా భరించింది. ప్రతినిధుల సభ ప్రతిపాదించినది 85 శాతమే. సెనేట్ దాన్ని నూటికి నూరు చేసింది. ఆ పదిహేను శాతం తేడా చిన్నదిగా కనిపించినా, లబ్ధిదారు ముందు చెల్లిస్తేనే గానీ కదలని 2009 నాటి గొలుసులో మొదటి లంకె దానితో తెగిపోయింది. పనిగంటలు తగ్గినవారిని కూడా ఈసారి మొదటే చేర్చారు. సొమ్ము దారి మాత్రం మారలేదు: యజమాని భరించడం, జీతాల మీద కట్టే మెడికేర్ పన్నులోంచి రాబట్టుకోవడం. మూతపడ్డ రెస్టారెంటు వంటవాడికి ఈ వంద శాతమూ అందని పండే.

అతనికి దొరికిన దారి వేరే ఉంది. 2010 ఆరోగ్య సంస్కరణ చట్టం కింద 2014 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ మార్కెట్‌ప్లేస్ పేరిట బీమా అమ్మకాలు జరుగుతున్నాయి. ఉద్యోగ బీమా పోయిన 60 రోజుల్లో అందులో చేరవచ్చు, ఆదాయాన్ని బట్టి రాయితీ దొరుకుతుంది, పాత యజమాని బతికున్నాడా లేదా అన్నది ఎవరూ అడగరు. పాత జబ్బుల మినహాయింపు కూడా రద్దయింది. అయినా కోబ్రా అవసరం తీరిపోలేదు. బీమా చెల్లింపులు మొదలయ్యేలోపు రోగి సొంతంగా భరించవలసిన డిడక్టిబుల్‌ను సంవత్సరం మధ్య దాకా కట్టేసినవారు కొత్త పాలసీకి మారితే ఆ మెట్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి; కీమోథెరపీ మధ్యలో ఉన్నవారికీ నెలలు నిండుతున్న గర్భిణికీ డాక్టర్ మారడం అంత తేలిక కాదు.

హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగు ఉద్యోగుల కుటుంబాలలో ఈ నియమాలన్నీ ఒకచోట కలుసుకుంటాయి. కోబ్రా హక్కుకు వీసాతో సంబంధం లేదు. కాని ఉద్యోగం ముగిసిన నాటి నుంచి వారు దేశంలో ఉండడానికి 2017 నుంచి అమలులో ఉన్న నియమం ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. కోబ్రా కావాలో వద్దో చెప్పే గడువూ 60 రోజులే. ఒక గడువు చివరి పనిరోజుతో మొదలైతే రెండోది నోటీసు లేదా బీమా ముగింపుతో మొదలవుతుంది కనుక, అనేక సంస్థల్లో నెలాఖరు దాకా బీమా నడుస్తుంది కనుక, వీసా గడువు ముగిశాక కూడా కోబ్రా నిర్ణయం మిగిలి ఉండడం సాధ్యమే. ఒక యజమాని దగ్గరే పనిచేసే వీసా కావడంతో పనికి అందుబాటులో ఉన్నారని లెక్కించరు కాబట్టి నిరుద్యోగ భృతి వారికి సాధారణంగా రాదు. అందుకే 2021లో భృతి పొందినవారికి మార్కెట్‌ప్లేస్‌లో ఇచ్చిన ప్రత్యేక రాయితీ వారికి అందలేదు, యజమాని ద్వారా వచ్చిన కోబ్రా రాయితీ మాత్రం అందింది. ఇంతవరకు నిందించిన ఆ దారే వీరికి మేలు చేసిందని ఒప్పుకోవాలి. 2022 చివర, 2023లో టెక్ కంపెనీల లేఆఫ్‌లు జరిగేనాటికి ఆ రాయితీ లేదు. కొన్ని సంస్థలు పరిహారంలో భాగంగా కొన్ని నెలల కోబ్రా ప్రీమియం తామే కట్టాయి. మార్కెట్‌ప్లేస్ రాయితీకి చట్టబద్ధంగా ఉంటున్న వీసాదారులు 2026 చివరి దాకా అర్హులే అయినా, 2025 జూలైలో వచ్చిన చట్టం 2027 నుంచి ఆ అర్హతను గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మరికొన్ని ప్రత్యేక వర్గాలకూ పరిమితం చేసింది. ఆ తర్వాత లేఆఫ్ అయ్యే హెచ్-1బి ఉద్యోగికి మార్కెట్‌ప్లేస్ పాలసీ అయినా, 102 శాతం కోబ్రా అయినా పూర్తి ధరకే దొరుకుతుంది.