‘హ్యూమన్ రెకేజ్’ ఎందుకు పుట్టింది?

వాలెస్ రీడ్ అమెరికా మూకీల్లో మొదటి వరుస కథానాయకుడు. 1923 జనవరి 18న లాస్ ఏంజెలెస్‌లోని ఒక శానిటోరియంలో కన్నుమూసేనాటికి ఆయనకు 31 ఏళ్లే. అదే ఏడాది జూన్‌లో ఆయన భార్య, నటి డొరొతీ డావెన్‌పోర్ట్ మత్తుమందుల మీద ‘హ్యూమన్ రెకేజ్’ చిత్రాన్ని జనం ముందుకు తెచ్చారు. నిర్మాత థామస్ ఇన్స్, దర్శకుడు జాన్ గ్రిఫిత్ రే. ఒక భార్య దుఃఖంలోంచి పుట్టిన సినిమాగా దీన్ని చెప్పుకోవడం అలవాటైంది. కానీ దీని మూలం అంతకు నాలుగేళ్ల వెనక ఉంది. 1919లో ‘ది వ్యాలీ ఆఫ్ ది జెయింట్స్’ చిత్రీకరణకు వెళ్తుండగా రైలు ప్రమాదంలో రీడ్ గాయపడ్డాడు. ఆయన కోలుకునేదాకా ఎవరూ ఆగలేదు. నొప్పి తెలియకుండా మార్ఫిన్ ఇచ్చి పని చేయించారు. ఆ తర్వాతా ఒకదాని వెంట ఒకటి సినిమాలే. చివరికి ఆయన ప్రాణం తీసిన మార్ఫిన్ వ్యసనం సరదాల్లో అంటుకున్నది కాదు, పనిలో తగిలిన దెబ్బతో వచ్చింది.

సినిమా విలువా, దాని లోపమూ ఇక్కడే తెలుస్తాయి. అప్పటి అమెరికాలో 1920 నుంచి మద్యనిషేధం అమల్లో ఉండేది. అంతకుముందు నుంచీ ఆడుతున్న మద్యవ్యతిరేక నాటకాల్లో తాగుబోతుదే తప్పు, ఒట్టు పెట్టుకుంటే కథ సుఖాంతం. మత్తుమందులకు బానిసైనవాణ్ణి 1914 నాటి హారిసన్ చట్టం పోలీసుల పాలు చేసింది. ‘హ్యూమన్ రెకేజ్’లో మాత్రం పని ఒత్తిడితో నలిగిన న్యాయవాదికి ఆ అలవాటు వైద్యుడి చేతి మార్ఫిన్‌తోనే మొదలవుతుంది. బెస్సీ లవ్ పోషించిన పేద తల్లిదీ అదే జబ్బు. బానిసను రోగిగా చూపడం ఆనాటికి నిజంగా ముందడుగు. అయితే నింద వైద్యుడి మీదా, దొంగ వ్యాపారి మీదా పడింది కానీ గాయపడ్డ మనిషి చేత పని చేయించుకున్న స్టూడియోను తాకలేదు. బాధితుడు నటుడు కాకుండా న్యాయవాది కావడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఈ సినిమా ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. కనబడని సినిమాకు తీర్పేమిటని అడగవచ్చు. నటన గురించి, దృశ్యాల బలం గురించి నేనేమీ అనలేను. కథ మాత్రం ఆనాటి సమీక్షల్లో, స్టిల్స్‌లో నిలిచే ఉంది. నా వాదనకు అది చాలు. చనిపోయిన భర్త పేరు అమ్ముకున్నారన్న ఆక్షేపణ ఇంకా పదునైనది. ఆమె ‘మిసెస్ వాలెస్ రీడ్’ అనే తెరపేరు వాడుకున్న మాట నిజమే. కానీ మత్తుమందుల కథలు వద్దంటున్న, సినీ పరిశ్రమ తానే పెట్టుకున్న విల్ హేస్ నియంత్రణ సంస్థ ఆమెకు మినహాయింపు ఇచ్చింది. ఆ పేరే లేకపోతే అది దొరికేదా? పైగా ఆమె ఒక్క సినిమాతో ఆగలేదు. 1924లో ‘బ్రోకెన్ లాస్’, 1925లో ‘ది రెడ్ కిమోనా’ తీశారు. రెండూ సామాజిక సమస్యల మీదే. డబ్బు కోసమే అయితే ఇంతకంటే సులువైన కథలు చాలా ఉన్నాయి.

బ్రిటన్ సెన్సార్ బోర్డు 1924లో ‘హ్యూమన్ రెకేజ్’ను నిషేధించింది. 1927లో హాలీవుడ్ రాసుకున్న నిషిద్ధాల జాబితాలో మత్తుమందుల అక్రమ వ్యాపారం చేరింది. ఆ వెంటనే టాకీలు వచ్చాయి. మళ్లీ ఆడించే వీలూ, దాచుకునే లాభమూ లేని నైట్రేట్ రీళ్లను పట్టించుకున్నవారు లేరు. మన తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) కూడా ఇలాగే దక్కకుండా పోయింది. డావెన్‌పోర్ట్ తీసినవాటిలో ‘ది రెడ్ కిమోనా’ను ఇవాళ చూడవచ్చు. ‘హ్యూమన్ రెకేజ్’ ప్రింటు మాత్రం ఇంతవరకు దొరకలేదు.