రాయి కదిలితే కథ పోతుంది

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల చరిత్ర అనగానే వీరరాఘవస్వామి కోవెల, కొండమీది సుబ్రహ్మణ్యస్వామి గుడి గుర్తుకొస్తాయి. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన సంగతీ గుర్తుకొస్తుంది. అయితే ఈ గుళ్ళకూ ఈ సరిహద్దుకూ ఎంతో ముందే ఇక్కడి మనుషులు రాతిని చెక్కారు.

1863 సెప్టెంబరులో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు కుశస్థలి నది పరీవాహక ప్రాంతంలోని అత్తిరంపాక్కం దగ్గర రాతి గొడ్డళ్ళను గుర్తించారు. ఏటిలో దొర్లిన రాయి నున్నబడుతుంది. మనిషి చెక్కిన రాయికి రెండు వైపులా పెచ్చులు లేచి, అంచు పదునుగా ఉంటుంది. తేడా అదే.

1999 నుంచి శాంతి పప్పు బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. ఆ రాళ్ళు ఎంతకాలంగా మట్టిలో పూడి ఉన్నాయో శాస్త్రీయంగా లెక్కకట్టి, అడుగు పొరలోని పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో ప్రకటించారు.

గొడ్డలి దేనికో ఊహించడం తేలికే: మాంసం కోయడానికి, కర్ర నరకడానికి. మరి రాతిమీద బొమ్మ దేనికి? ఫుట్ బళ్ళారి ప్రాంతంలోనూ తిరిగి కొత్త రాతియుగపు ఆనవాళ్ళను నమోదు చేశాడు. అక్కడి కుప్పగల్లు కొండమీద నల్లరాళ్ళపై పొడవాటి కొమ్ముల ఎద్దులు, మనుషులు కనిపిస్తారు. ఆ ప్రాంతంలో పేడ కాల్చగా ఏర్పడిన బూడిదదిబ్బలూ ఉన్నాయి. కనుక గొడ్డూగోదే బతుకైన వాళ్ళ చేతిపని అని పండితులు భావిస్తున్నారు. కొన్ని బండలను కొడితే గంటలా మోగుతాయి, కొట్టికొట్టి పడిన గుంటలున్నాయి. అక్కడ పండుగలో, పూజలో జరిగి ఉండవచ్చునని మరొక ఊహ.

గమనించండి. బొమ్మ ఒక్కటే అర్థం చెప్పదు. పక్కనున్న బూడిద, మోగే బండ కలిసి చెబుతాయి. అత్తిరంపాక్కం గొడ్డలి వయసు కూడా అది ఉన్న మట్టి పొరలోనే దొరకబట్టి తెలిసింది. అదే రాయిని ఇంటికి తెచ్చి అలమారలో పెడితే, అది వట్టి రాయి. కుప్పగల్లులో క్వారీ పనులు కొన్ని బొమ్మలను మింగేశాయి.

కాబట్టి సోదర సోదరీమణులారా, చేనులోనో వంకలోనో అలాంటి రాయి కనిపిస్తే కదిలించకండి. చోటు గుర్తుపెట్టుకుని పురావస్తు శాఖకు తెలియజేయండి. పిల్లలను పూండి జలాశయం దగ్గరున్న పురావస్తు ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళి చూపించండి. తెలుగూ తమిళమూ పుట్టకముందటి మన పొరుగువాళ్ళ గుర్తులివి. వీటిని కాపాడే బాధ్యత సరిహద్దుకు రెండు వైపులా ఉంది.