మధుమేహ రెటినోపతి: మొగల్తూరు, గోదావరి డెల్టా

షుగరు వ్యాధి వల్ల కంటి వెనక పొరలోని (రెటీనా) సన్నని రక్తనాళాలు దెబ్బతినడాన్ని మధుమేహ రెటినోపతి అంటారు. నరసాపురం దగ్గరి పాత జమీందారీ ఊరు మొగల్తూరుకు విడిగా లెక్కలు లేవుగానీ, పశ్చిమ గోదావరి జిల్లాకు ఈ వ్యాధి చరిత్రలో చోటుంది.

మధుమేహాన్ని చరకుడు, సుశ్రుతుడు వర్ణించారు. కంటి లోపల చూసే సాధనాన్ని హెల్మ్‌హోల్ట్స్ 1851లో రూపొందించాడు. 1855-56 ప్రాంతంలో వియన్నా వైద్యుడు ఎడ్వర్డ్ యేగర్ షుగరు రోగి రెటీనాలో మార్పులను తొలిసారి గుర్తించాడు. ఇన్సులిన్ వచ్చాక రోగుల ఆయుష్షు పెరిగింది, దాంతోపాటే ఈ జబ్బూ. లేజరు చికిత్స తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 1976లో అమెరికా పరిశోధన తేల్చింది.

పశ్చిమ గోదావరిలో ఈ జబ్బు అసలు లెక్క 1996లో మొదలైంది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం జరిపింది. హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్‌లతో పాటు కలిగిన పల్లెసీమగా పశ్చిమ గోదావరిని ఎంచుకుని మొత్తం 10,293 మందిని పరీక్షించారు. తమకు షుగరుందని చెప్పిన హైదరాబాదు వాసుల్లో ఐదో వంతుకు పైగా రెటినోపతి కనిపించిందని 1999లో ప్రకటించారు. నాలుగు ప్రాంతాల సమాచారంతో 2007లో వచ్చిన వ్యాసం రెండో రకం మధుమేహంలో ముప్పు పెంచేవాటిని తేల్చింది: పైబడే వయసు, రక్తపోటు, పదిహేనేళ్ళు దాటిన షుగరు. మధ్య, ఎగువ తరగతుల్లోనే జబ్బు ఎక్కువన్న ఫలితం డెల్టా పాఠకులు గమనించదగ్గది.

ఈలోగా బైర్రాజు ఫౌండేషన్ తోడ్పాటుతో ఉభయ గోదావరి జిల్లాల్లో 20 గ్రామాల్లో సర్వే జరిగింది. ముప్పై దాటినవారిలో సుమారు 13 శాతానికి షుగరుందని 2006లో వెల్లడైంది. అది షుగరు లెక్కే, కళ్ళది కాదు.

రక్తపోటును గట్టిగా అదుపు చేస్తే రెటినోపతి ముదరడం మూడో వంతు తగ్గుతుందని 1998లో బ్రిటన్ అధ్యయనం చూపింది. ముదిరేదాకా చూపు తగ్గకపోవడమే ఈ జబ్బులోని చిక్కు. అందుకే రెండో రకం షుగరు తేలిన వెంటనే, ఆపై ఏటా కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా చూస్తారు. కొన్ని గంటలు ఎండ చూడలేరు, దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. బండి నడపకూడదు కాబట్టి రోగి వెంట ఒకరు రావాలి.