ఆగిన గుండె, అదిరే గుండె: ఒక భేదాన్ని గుర్తించిన చరిత్ర

మరణవార్త చెప్పడానికి “గుండె ఆగిపోయింది” అన్న మాట తెలుగువారికి చాలు. వైద్యచరిత్ర పరిశోధకులకు మాత్రం అది చాలదు. నాడి అందని గుండెలన్నీ నిశ్చలంగా ఉండవు. కొన్ని పూర్తిగా ఆగిపోతాయి. కొన్ని రక్తాన్ని నెట్టలేనంత అస్తవ్యస్తంగా అదురుతుంటాయి. విద్యుదాఘాతం పనిచేసేది అదిరే గుండెపైనే. వేలికొసకు ఒకేలా తోచే ఈ రెండు స్థితులనూ వేరుచేసి చికిత్స చేయడానికి దాదాపు శతాబ్దం పట్టింది.

హొఫ్ఫా, లుడ్విగ్‌లు 1850లో ప్రచురించిన ప్రయోగాల్లో, విద్యుత్తు తాకిన జంతువుల గుండెలో జఠరికలు లయ తప్పి అదిరాయి. అది చాలాకాలం ప్రయోగశాలలోని వింతగానే మిగిలింది. మనుషుల ఆకస్మిక మరణాలకు ఈ అదురే కారణం కావచ్చునని 1889లో ఆబర్డీన్ ఆచార్యుడు మాక్‌విలియం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రతిపాదించాడు. దానిని రోగిలో చూపగల సాధనం అప్పటికి లేదు. ఊహ సరైనదే, దానిని చదివే లిపే లేదు. ఈ చరిత్రలో అసలు ఆటంకం ఇదేనని నా అభిప్రాయం. 1899లో జెనీవాలో ప్రెవో, బతెల్లీలు బలమైన విద్యుత్తుతో కుక్కల గుండెలోని అదురును అణచగలిగినా, ఆ ఫలితమూ దశాబ్దాల పాటు మరుగునపడింది.

20వ శతాబ్దపు తొలి ఏళ్లలో లైడెన్‌లో ఐంథోవెన్ రూపొందించిన తంత్రీ గాల్వనామీటరు ఆ లిపిని సమకూర్చింది. అదిరే జఠరికల గీత క్రమం లేని ఎగుడుదిగుడు. ఆగిన గుండె గీత దాదాపు చదును.

1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ శస్త్రచికిత్సలో ఉన్న పద్నాలుగేళ్ల బాలుడి గుండెకు నేరుగా విద్యుదాఘాతమిచ్చి బతికించాడు. ఛాతీ తెరిచే ఉంది కనుక అక్కడ గుండె కళ్లెదుటే ఉంది. మూసిన ఛాతీ విషయంలో బోస్టన్ వైద్యుడు పాల్ జోల్ కృషి మరింత గమనింపదగినది. 1952లో ఆయన ఆగిన గుండెను చర్మం మీదుగా లయబద్ధమైన చిన్న విద్యుత్ ప్రేరణలతో నడిపించాడు. 1956లో అదిరే గుండెను ఒక్క పెద్ద ఆఘాతంతో నిలిపి, దాని లయ తిరిగి రావడానికి వీలు కల్పించాడు. విద్యుత్తు ఒకటే, గీత ఏది చెబితే ప్రయోగం అది.

అయితే గీత ఒక్కటే చాలదు. కొన్నిసార్లు క్రమమైన గీత సాగుతున్నా నాడి ఉండదు. అక్కడా ఆఘాతం పనికిరాదు. నాడి లేని జఠరికల అతివేగ లయకు మాత్రం ఆఘాతమే చికిత్స. చదునైన గీత చూడగానే ఆఘాతమిచ్చి బతికించే సినిమా వైద్యం (మన తెరపైనా అదే) ఈ చరిత్రనంతా తలకిందులు చేస్తుంది. నేటి స్వయంచాలక యంత్రం తానే గీతను చదివి, కొన్ని సందర్భాల్లో ఆఘాతం వద్దంటుంది. రోగి మరణించాడని దాని భావం కాదు. ఛాతీ నొక్కడాన్ని వెంటనే కొనసాగించాలి.